ఎడమవైపు బొమ్మ

వాలరూ జెట్టీకి వెళ్లే వీధిలో
నాది స్టిక్కర్లు కొట్టే కొట్టు.
పడవల పేర్లు, చేపల ధరలు,
కుక్క ఉన్నది జాగ్రత్త,
చర్చి వాళ్ల కేకుల అమ్మకం బోర్డు.
ఇవి ఎవరివని ఎవరూ అడగరు.

మంగళవారం డెంజిల్ పెన్‌హాల్ వచ్చాడు,
ట్రైలర్ మీద దుప్పటి కప్పిన
మనిషంత ఎత్తు పెట్టెతో.
వాళ్ల నాన్న చేపలు వేయించే కొట్లో
కిటికీ పక్కన నలభై ఏళ్లు నిలబడ్డ ఆటపెట్టె.
స్క్రూ విప్పితే ఇప్పటికీ మాడిన నూనె వాసన.

కుడివైపు, గోడ నీడలో,
పడవ మీద నిలబడ్డ పచ్చ ఉడుము
తోకతో తుఫానును బాదుతూ నిగనిగలాడుతోంది.
ఎడమవైపును ఎండ తినేసింది.
ఉడుమూ లేదు, తుఫానూ లేదు,
ఉతికి ఉతికి వెలిసిన చొక్కా వీపు.

"కుడిదాన్ని ఫొటో తీసి, తిప్పి, అచ్చు కొట్టు.
అమ్మను. ఎవరికీ ఇవ్వను.
నా గరాజ్‌లో, నా పెట్టెకి, ఒక్కటంటే ఒక్కటి."
ఒక్కటి అంటూ వేలెత్తి చూపించాడు.
ఆ వేలికి బూడిదరంగు ప్రైమర్ ఇంకా ఆరలేదు.

నేను మిషన్ ఆన్ చేయలేదు.
పోయినేడు ఫుట్‌బాల్ క్లబ్బు గుర్తును
అడక్కుండా కప్పుల మీద కొట్టి
వకీలు ఉత్తరం అందుకున్న చెయ్యి ఇది.
సొమ్మొకడిది సోకొకడిది అని
అతనికి ఇంగ్లీషులో చెప్పబోయి
చేతకాక సగంలో వదిలేశాను.

ఇంతకీ సొమ్ము ఎవరిది?
ఆట చేసిన కంపెనీ ఎనభై ఐదులో మూతపడింది.
దాని బల్లలూ కుర్చీలూ ఒకరు కొన్నారు,
పేరు ఇంకొకరు కొన్నారు,
ఆ ఇంకొకర్ని ఏదో ఊరి బొమ్మల వ్యాపారి కొన్నాడు.
డెంజిల్ మూడు ఉత్తరాలు రాశాడట.
ఒకటి తిరిగొచ్చింది.
ఒకటి ఏమైందో తెలీదు.
మూడోదానికి మర్యాదగా రెండు వాక్యాలు:
అది మాదేనని చెప్పలేం.
మాది కాదనీ చెప్పలేం.

లైటు దగ్గరగా పట్టి చూస్తే
ఉడుము తోక చివర, పొలుసుల్లో పొలుసుగా,
రెండక్షరాలు. ఆర్. కె.
నెలజీతానికి గీసినవాడెవడో
యజమాని కంటపడకుండా దాచుకున్న సంతకం.
డెంజిల్ ఇన్నేళ్లూ దాన్ని గీత అనుకున్నాడు.
కాసేపు ఇద్దరం మాట్లాడలేదు.
బయట గోధుమ లారీ ఒకటి
వెనక్కి వస్తూ కీచుకీచుమంది.

గీసినవాడు పోయాక డెబ్బై ఏళ్లు, అంటుంది చట్టం.
పేరే తెలీకపోతే
బొమ్మ బజార్లోకి వచ్చాక డెబ్బై.
ఎనభై రెండుకి డెబ్బై కలిపి
రసీదు వెనకాల రాశాను, రెండువేల యాభై రెండు.
"అప్పటికి నాకు తొంభై మూడు,"
బస్సు టైము చెప్పినట్టు చెప్పాడు.
నాకేమో ఆర్. కె. ఇంకా బతికే ఉంటే బాగుండనిపించింది,
ఏ ఊళ్లోనో, మోకాళ్ల నొప్పులతో,
కరెంటు బిల్లు అంచున ఉడుములు గీసుకుంటూ.
ఒక తోక కోసం
మనిషి చావు తేదీ వెతుక్కోవడమేమిటి?

చివరికి, డబ్బులు వేసే తలుపు రేకు విప్పాం.
రేకు అంచు కింద, ఎండ చూడని వేలెడు మేర,
అసలు నారింజ రంగు, నిన్న పూసినట్టు.
రంగు మీద సంతకం లేదు. అదైతే నేను కలపగలను.
పసుపు ఎక్కువ, ఎరుపు కొంచెం,
భయపడుతూ ఒక్క బొట్టు నలుపు.
నాలుగోసారికి కుదిరింది.

డబ్బా చంకలో పెట్టుకుని గడప దగ్గర ఆగాడు.
"ఎడమవైపంతా ఒట్టి నారింజ పూస్తే
ఉడుము ఎటుపోయిందని అడగరూ?"
అడగడానికెవరు, గరాజ్‌లో నువ్వొక్కడివేగా, అన్నాను.
"నేనే అడుగుతా," అన్నాడు.

ఫొటో నా కంప్యూటర్లో మిగిలిపోయింది.
ఫైలుకి పేరు పెట్టమంటే
ఆర్. కె. అని కొట్టాను.
నాలుగో ఉత్తరం నేను రాస్తానన్నాను గానీ
పై అడ్రసు దగ్గరే ఆగిపోయింది పెన్ను.